కాలువ గట్టు మీద క్రీస్తు: ధాత కరువు నాటి మూడున్నర మైళ్ల కథ

 

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మన మదరాసు తెలుగువాళ్లకు రోజూ కళ్లెదుట కనిపించే ఒక కాలువ గురించి, దాన్ని తవ్విన మనుషుల గురించి, ఆ తవ్వకంలో వాళ్లకు దొరికిన ఒక నమ్మకం గురించి రాస్తున్నాను.

చెన్నైలో ఉన్నవాళ్లకు బకింగ్‌హాం కాలువ అంటే ముక్కు మూసుకుని దాటిపోయే మురుగు. తిరువల్లిక్కేణి, మైలాపూరు దగ్గర పైన లోకల్ రైలు స్తంభాలు, కింద నల్లటి నీళ్లు. కానీ ఒకప్పుడు ఇది కోస్తా అంతటికీ పెద్ద రహదారి. 1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర మదరాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన చిన్న కాలువతో మొదలైంది. 1837లో కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. తర్వాత కొద్దికొద్దిగా ఉత్తరానికీ దక్షిణానికీ సాగుతూ, బాపట్ల జిల్లా పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు అయింది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలవడం వల్ల కాకినాడ నుంచి మదరాసు దాకా పడవ మీద రావడానికి వీలయ్యేది. 1899లో రైలు దారి పూర్తయ్యేదాకా ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల నుంచి మదరాసుకు సరుకు రావాలన్నా, మనుషులు రావాలన్నా ఈ కాలువే ఆధారం.

ఇందులో నేను చెప్పబోయేది మూడున్నర మైళ్ల కథ. ఒంగోలు ప్రాంతంలో 1877లో తవ్విన మూడున్నర మైళ్లు.

ఎందుకు చెప్పాలనిపించిందంటే, మన తెలుగు సంఘాల సమావేశాల్లో, అందులోనూ చరిత్ర గురించి మాటలు వచ్చినప్పుడు, వినిపించే వ్యాఖ్య ఒకటుంది: "వాళ్లంతా కరువులో గంజి కోసం మతం మారినవాళ్లే కదా." అనేవాళ్లు చాలావరకు చెడు ఉద్దేశంతో అనరు, విన్నది అంటారు. కానీ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి తల దించుకోవడం నేను చూశాను. వాళ్ల ముత్తాతల గురించి మాట అంటున్నాం. అనే ముందు ఆ ముత్తాతలు ఏం చేశారో తెలుసుకోవడం మన బాధ్యత. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టిన మన పిల్లల్లో కూడా చాలామందికి ఈ కథ తెలియదు. అందుకే ఇద్దరి కోసమూ రాస్తున్నాను.

కరువుకు ముందు

కథ కరువుతో మొదలు కాలేదు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే దంపతుల రాకతో మొదలైంది. డే కొన్నేళ్లు మన మదరాసులో ఉండి, 1840లో నెల్లూరు వెళ్లారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అమెరికాలోని పెద్దలు ఈ మిషనును మూసేద్దామని ఒకటికి రెండుసార్లు చర్చించారు. పటం మీద ఒక్క చుక్కలా మిగిలిందని దానికి "ఒంటరి నక్షత్రం" అనే పేరు కూడా వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జువెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు, అంటే మొత్తం ఐదుగురు, ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ ఐదుగురిలో నెల్లూరు జూలియా అనే తెలుగు ఆడమనిషి ఒకరు. ఒంగోలులో ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండగానే చెప్పుకుంటారు.

పన్నెండేళ్ల తర్వాత 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే మనిషి ఒంగోలులో కాపురం పెట్టాడు. యవ్వనంలో అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టి లెక్క కట్టడం తెలిసినవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కానీ అసలు కథానాయకుడు క్లౌ దొర కాదని నా అభిప్రాయం. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే దేవుణ్ని వెతుకుతున్నవాడు. రాజయోగ మార్గంలో గురువుల దగ్గర కూర్చున్నాడు, ధ్యానం నేర్చుకున్నాడు. తానే కొందరికి గురువయ్యాడు కూడా. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు యేసు గురించి విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంటికి తిరిగి వచ్చి ఏం చేశాడు? చెప్పులు కుట్టేవాళ్ల పక్కన, తోళ్లు నానబెట్టే లందల దగ్గర, బంధువుల ఇళ్ల అరుగుల మీద కూర్చుని తనకు దొరికింది చెప్పాడు. పని ఆపి వినమని ఎవరినీ అడగలేదు. ఆరె, కత్తి చేతిలో ఉండగానే మాట సాగింది. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ తర్వాత ఈ మనుషుల గురించి రాసిన పుస్తకం పేరులోనే చెప్పులు కుట్టడం ఉంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అదే నెలలో తాళ్లకొండపాడు దగ్గర ఒక చింతతోపులో క్లౌ గుడారం వేస్తే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తిండి మూటలు కట్టుకుని వచ్చారు. కొన్నాళ్లు ఉండి నేర్చుకుని వెళ్దామని వచ్చినవాళ్లు వాళ్లు. ఐదు రోజుల తర్వాత 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి కరువు లేదు, గంజి కేంద్రాలు లేవు. వాళ్లు తిన్నది ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి. ఈ ఒక్క వివరం మన సమావేశాల్లో ఎవరూ చెప్పరు.

అప్పుడే ఒక చిక్కు వచ్చింది. ఒంగోలులో అగ్రకులాల వాళ్లు కొందరు క్రైస్తవ బోధ మీద ఆసక్తి చూపిస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని వాళ్లు తెగేసి చెప్పారు. మిషను పెద్దల దృష్టిలో చూస్తే వాళ్లను వదులుకోవడం నష్టం. క్లౌ దంపతులు తర్వాత చెప్పుకున్న సంగతి ఏమిటంటే, ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరి కళ్లూ ఒకే చోట పడ్డాయట: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివర, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోట. దాంతో తలుపు మాదిగలకు తెరుచుకునే ఉంది. దీన్ని దైవ నిర్ణయం అంటారో, యాదృచ్ఛికం అంటారో మీ ఇష్టం. చరిత్రలో మాత్రం దాని ఫలితం పెద్దది.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడూ చెప్పినంత తేలిక కాదు. ఆ రోజుల్లో మాదిగ కుటుంబం ఊరికి కట్టుబడి ఉండేది. మోట బావికి తోలు బొక్కెన కుట్టాలి, రైతుకు చెప్పులు ఇవ్వాలి, జాతరలో డప్పు కొట్టాలి. ప్రతిఫలంగా కళ్లంలో కొంత ధాన్యం, చచ్చిన పశువు. ఆదివారం రానంటే, డప్పు కొట్టనంటే ఊరికి కోపం వచ్చేది. కళ్లం దగ్గర వాటా ఆగేది, నీళ్లు ఆగేవి, కొన్ని చోట్ల దెబ్బలు కూడా పడ్డాయి. ఇది ఒక మతం వాళ్ల మీద మరో మతం వాళ్ల కథగా చెప్పడం నా ఉద్దేశం కాదు. ఊరి కట్టుబాటు మారేటప్పుడు ఎక్కడైనా జరిగేదే ఇది. చెప్పదలచుకున్నది ఒకటే. కరువుకు ముందు పదేళ్లలో చేరిన మూడు వేల మందికి పైగా జనానికి చేరడం వల్ల గంజి దొరకలేదు, ఉన్న గంజి పోయింది.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరం. అందుకే పెద్దలు ధాత కరువు అనేవాళ్లు. మన పక్కనున్న తమిళ సోదరులూ ఆ సంవత్సరం పేరుతోనే దాన్ని గుర్తుంచుకున్నారు. 1876 నుంచి 1878 దాకా మదరాసు రాజధాని, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాల్లో చనిపోయినవాళ్లు 50 లక్షలకు తక్కువ కాదని చరిత్రకారుల అంచనా. మొదట పశువులు పోయాయి, తర్వాత విత్తనాలు తినేశారు, తర్వాత మనుషులు రోడ్ల మీద పడ్డారు. కలరా, మశూచి వాళ్ల వెనకే నడిచాయి.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదు ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయక పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా చాలని తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. దాంతో రోజంతా మట్టి తవ్వాలి. మదరాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి సరిపోదని గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలి కొంత పెంచారు. అప్పటికి చాలామంది పోయారు.

అప్పటి మదరాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. కాలువను పూర్తి చేయడం ఆ కరువు పనుల్లో పెద్దది. మన చెన్నైలోనే కూవం, అడయారు నదులను కలిపే ముక్కను ఆ రెండేళ్లలో కరువు కూలీలే తవ్వారు. 1878లో కాలువకు గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

కాంట్రాక్టు

ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల జనానికి సహాయక పనులకు వెళ్లడమంటేనే భయం. శిబిరాల్లో రోగాల భయం ఒకటి. అంతకన్నా, పని చేయించే మేస్త్రీలు, కొలత వేసే గుమాస్తాలు అందరూ పై కులాల వాళ్లు. తవ్విన మట్టికి కొలత తక్కువ వేస్తే అడిగే దిక్కు లేదు. నీళ్ల కుండ దగ్గరకు వెళ్తే కసురుకుంటారు. ఆకలితో చావడమా, శిబిరంలో చావడమా అన్నట్టుండేది.

అప్పుడు క్లౌ చేసిన పని ఇది. కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు కనుక కొలతలు, అంచనాలు ఇంజనీర్లతో నేరుగా మాట్లాడగలిగాడు. పని మీద పర్యవేక్షణకు తన తెలుగు బోధకులనే పెట్టాడు. వాళ్లలో ఎక్కువమంది ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. కబురు ఊరూరికీ వెళ్లింది. కనిగిరి, పొదిలి వైపు నుంచి కూడా జనం నడిచి వచ్చారు. క్రైస్తవులే వచ్చారనుకోవద్దు. వచ్చినవాళ్లలో చాలామంది క్రైస్తవులు కారు. పని అందరికీ ఇచ్చారు.

మట్టి పని చూసినవాళ్లకు తెలుసు. మగవాళ్లు పలుగు పారలతో తవ్వుతారు, ఆడవాళ్లు తట్టలతో గట్టు మీదికి మోస్తారు. గొయ్యి లోతయ్యేకొద్దీ ఎక్కాల్సిన ఎత్తు పెరుగుతుంది. పొద్దుగూకే వేళ కొలత వేస్తారు. కూలివాడి బతుకంతా ఆ కొలతలో ఉంటుంది. కొలత గొలుసు పట్టుకున్న మనిషి నిజాయతీపరుడైతే ఇంటికి గింజలు వస్తాయి, కాకపోతే రావు.

ఈ మూడున్నర మైళ్లలో గొలుసు పట్టిన మనిషి వాళ్ల మనిషి. పనిలో విరామం దొరికినప్పుడు, రాత్రిళ్లు, ఆ బోధకులే వచ్చి కూలీల మధ్య కూర్చునేవాళ్లు. ఇళ్లల్లో ఎవరు పోయారు, ఎవరు మంచం పట్టారు అని అడిగేవాళ్లు. ఆ గట్టు మీద అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన వాక్యం మత్తయి సువార్త 11వ అధ్యాయం చివరిదని రికార్డులు చెబుతున్నాయి. బరువులు మోసి అలసిపోయినవాళ్లను యేసు తన దగ్గరికి రమ్మని, విశ్రాంతి ఇస్తానని పిలిచే వాక్యం అది. చర్చిలో ఫ్యాను కింద కూర్చుని వింటే మనకు అది ఓదార్పు మాట. పొద్దంతా తట్ట మోసి, మెడ వంగిపోయి, చేతులు బొబ్బలెక్కిన మనిషికి అందులో ప్రతి పదమూ తన గురించే అనిపించి ఉంటుంది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న విషయం ఉంది. క్రీస్తు సన్నిధి అని క్రైస్తవ మిత్రులు తరచుగా అంటుంటారు. అది గుడిలో, పాటలో, ప్రార్థనలో ఉండేదని మనం అనుకుంటాం. ఆ కూలీలు దాన్ని ముందు చూసింది గొలుసు కొలతలో. తప్పు లెక్క వేయని మేస్త్రీలో. చేతికి అందిన కూలిలో. పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచిన మనిషిలో. మాట తర్వాత వచ్చింది, లేదా మాటా పనీ కలిసి వచ్చాయి. పేరయ్య చెప్పులు కుట్టేవాళ్ల పక్కన కూర్చున్న పద్ధతీ, ఈ కాలువ గట్టు పద్ధతీ ఒకటే. ఆశను పంచడం అనేది వేరే ఒక కార్యక్రమంగా జరగలేదు. బతుకుతెరువు జరిగే చోటే జరిగింది.

పదిహేను నెలలు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గంజి కోసం మారారా?

కాలువ పని సాగుతుండగానే వందల మంది బాప్తిస్మం కావాలని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలల పాటు, ఒక్కరికి కూడా ఇవ్వలేదు. సహాయం తన చేతుల మీదుగా వెళ్తున్నంత కాలం చేర్చుకోకూడదన్నది ఆయన నిర్ణయం. కాలువ పని అయిపోయాక లండన్ మాన్షన్ హౌస్ నిధి నుంచి విత్తనాలకు, ఎడ్లకు డబ్బు వచ్చింది. అది పంచినన్నాళ్లూ తలుపు మూసే ఉంది. మనిషి బియ్యం కోసం వస్తున్నాడా, దేవుడి కోసం వస్తున్నాడా అన్న అనుమానం ఇప్పుడు మనం కొత్తగా కనిపెట్టింది కాదు. అందరికన్నా ముందు ఆ అనుమానం వచ్చింది వాళ్లకే.

1878 జూన్‌లో సహాయం ఆగిపోయింది. ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని అందరికీ తెలిసింది. ఒంగోలులో మశూచి ఉండటంతో క్లౌ తన బోధకులను ఊరికి ఉత్తరాన పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నాడు. బోధకుల వెనకే జనం వచ్చారు, వేల సంఖ్యలో. ఇవ్వడానికి ఏమీ లేదు, వెళ్లిపోండని చెప్పినా కదల్లేదు. వాళ్లు చెప్పిన జవాబును క్లౌ రాసి పెట్టాడు. సారాంశం ఇది: మాకు సహాయం వద్దు, పని చేసి బతికామని మా చేతుల బొబ్బలే సాక్ష్యం, ఈ పంట కూడా పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం.

ఆ బొబ్బల మాట దగ్గర కాసేపు ఆగండి. భిక్షగాళ్లం కామని నిరూపించుకోవడానికి వాళ్ల దగ్గర ఉన్న ఒకే ఒక కాగితం ఆ అరచేతులు. నూటయాభై ఏళ్ల కిందటే తమ మీద రాబోయే నింద వాళ్లకు తెలుసు. జవాబు కూడా చెప్పి వెళ్లారు. మనమే వినలేదు.

1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది చివరికి, ఆరు నెలల్లో, 9,606. జులై 3న గుండ్లకమ్మ నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కోసారి ఇద్దరు దిగేవాళ్లు, అలసిపోతే మరో ఇద్దరు. రాత పనికి కొందరు, పేరు పిలవడానికి కొందరు. ఊళ్లో ఇంటిపేరు కూడా పలకని మనుషుల పేర్లను ఆ రోజు ఒక్కొక్కటిగా బిగ్గరగా పిలిచారు. అది నాకు 2,222 అనే అంకె కన్నా పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

తూకం సరిగ్గా వేద్దాం

ఇంత రాశాక ఆకలికి ఇందులో పాత్రే లేదని నేను అంటే అది అబద్ధం అవుతుంది. కరువు రాకపోతే ఇంతమంది ఒకేసారి వచ్చేవాళ్లు కాదు. చేరినవాళ్లందరికీ బోధ ఒకే లోతున అర్థమైందనుకోవడం కూడా కష్టం. వేల మందికి సరిపడా బోధకులు, బళ్లు అప్పటికి లేవు. తర్వాత సంవత్సరాల్లో కొందరు జారిపోయారు. అమెరికాలోని మిషను మద్దతుదారుల్లోనే ఇంతమందిని ఇంత వేగంగా చేర్చుకోవడం మీద సందేహాలు వచ్చాయి. మర్యాద కోసం, చదువు కోసం, ఊరి వెట్టి నుంచి బయటపడటం కోసం వచ్చినవాళ్లూ ఉన్నారు.

అయితే ఒక మాట అడుగుతాను. మనిషికి మర్యాద కావాలనుకోవడం దేవుణ్ని వెతకడం కన్నా తక్కువ పనా? ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే తనకు పెట్టినట్టేనని మత్తయి 25వ అధ్యాయంలో యేసు చెబుతాడు. అక్కడ క్రీస్తు అన్నం పెట్టేవాడి వైపు లేడు, ఆకలితో ఉన్నవాడి వైపు ఉన్నాడు. ఆ లెక్కన కాలువ గట్టు మీద క్రీస్తు దొర గుడారంలో ఉన్నాడా, తట్ట మోసే మనిషిలో ఉన్నాడా అన్నది క్రైస్తవ మిత్రులు తేల్చుకోవాల్సిన ప్రశ్న. నాకు తెలిసినంతలో ఆ బోధకులు రెండో చోటే వెతికారు. వాళ్లే ఆ తట్ట కింద నుంచి వచ్చినవాళ్లు కనుక అది వాళ్లకు కష్టం కాలేదు.

గుండ్లకమ్మ నుంచి ఇంటికి వెళ్లినవాళ్లకు ఏం దొరికింది? మిగిలిన పొలం పని, చెప్పుల పని, ఊరి పెద్దల కోపం. కరువు అయిపోయినా పేదరికం అయిపోలేదు. కానీ సాయంత్రం పూట పల్లెలో నలుగురు కూడే చోటు ఒకటి ఏర్పడింది. రాత్రి బడి నడిచిన చోట పిల్లలు అక్షరం దిద్దారు. జబ్బు పడినవాడి ఇంటికి వెళ్లి కూర్చోవడం ఒక విధిగా మారింది. ఇవేవీ చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కే సంగతులు కావు. కానీ ఒక నమ్మకం నూటయాభై ఏళ్లు నిలిచిందంటే ఇలాంటి వాటి మీదే నిలుస్తుంది.

మన కాలువ, మన ఊరు

1878లోనే జువెట్ మదరాసు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం మదరాసు చేరినవాళ్లలో ఈ క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. ఇప్పటికీ ఉత్తర చెన్నైలో ఆదివారం తెలుగు ఆరాధన వినిపిస్తుంది. ఇళ్లల్లో తమిళం కలిసిపోయినా, పిల్లలకు తెలుగు చదవడం రాకపోయినా, కీర్తనలు మాత్రం తెలుగులోనే పాడుకునే కుటుంబాలు ఉన్నాయి. మన భాషను ఈ నగరంలో కాపాడినవాళ్ల జాబితా రాస్తే అందులో ఈ సంఘాలకు చోటు ఉండాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెన్నై పారిశుధ్య కార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లు. తరాల కిందట నెల్లూరు, దాని చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ఆనాడు కాలువ తవ్వినవాళ్ల చుట్టాల బిడ్డలు ఈనాడు మురుగు తీస్తున్నారంటే అతిశయోక్తి కాదు. మనుషుల చేత మురుగు ఎత్తించకూడదని 2013లో చట్టం వచ్చింది. అయినా మ్యాన్‌హోలులో దిగి చనిపోయిన వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. క్రీస్తు సన్నిధిని గుర్తించడం ఆ రోజు గొలుసు కొలతలో ఉంటే, ఈ రోజు ఎక్కడ ఉంది? కాంట్రాక్టరు ఇవ్వాల్సిన గ్లవ్స్, బూట్లు ఇచ్చాడా అని అడగడంలో ఉండొచ్చు. కూలీ పీఎఫ్ చిట్టా సరిగ్గా ఉందో లేదో చదివి చెప్పడంలో ఉండొచ్చు. దానికి క్రైస్తవుడే కానక్కర్లేదు. కానీ క్రైస్తవుడైతే మాత్రం తప్పించుకోవడానికి వీల్లేదు. అతని ముత్తాతల విశ్వాసం మొదలైంది అక్కడే.

చివరగా మన సంఘానికి రెండు మనవులు.

ఒకటి: వచ్చే ఏడాది మనం పెట్టాలనుకుంటున్న "మదరాసులో తెలుగువారు" ప్రదర్శనలో రాజులు, జమీందార్లు, సినిమావాళ్లు, పత్రికలవాళ్లు అందరూ ఉన్నారు. కాలువ తవ్వినవాళ్లకు ఒక పలక కేటాయించాలి. ఫొటోలు దొరక్కపోతే పలుగు, పార, తట్ట పెడదాం, చాలు.

రెండు: మీ ఇళ్లల్లో ధాత కరువు గురించి, కాలువ పడవల గురించి, గుండ్లకమ్మ గురించి పెద్దలు చెప్పిన మాట ఏదైనా ఉంటే కింద రాయండి. ఒక్క వాక్యమైనా సరే. పాత బాప్తిస్మ కాగితాలు, కుటుంబ బైబిళ్లలో మొదటి పేజీ మీద రాసుకున్న పేర్లు ఉంటే ఫొటో తీసి దాచండి. కేజీఎఫ్‌లో, బరంపురంలో, ముంబయిలో, యానాంలో ఉన్న మిత్రులు కూడా మీ ఊరి సంఘాలు ఎలా మొదలయ్యాయో చెప్పండి. అక్కడా ఇలాంటి మూడున్నర మైళ్లు ఏవో ఉండే ఉంటాయి.

ఇంకెప్పుడైనా ఎవరైనా "గంజి కోసం" అంటే కోప్పడకండి. పదిహేను నెలల సంగతి చెప్పండి. ఆ అరచేతుల సంగతి చెప్పండి. అక్కడితో ఆపండి.